పూత లేని గోడ
(ఇంజినీర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులు గారికీ, వేదిక మీదున్న పెద్దలకీ, ఎదురుగా కూర్చున్న మిత్రులందరికీ నమస్కారం. వేదిక మీద ఉన్నవాళ్ళ పేర్లన్నీ వరసగా చదవమని కార్యదర్శి గారు ఒక కాగితం రాసిచ్చారు. అందులో నా పేరు కూడా ఉంది. నాకు నేనే నమస్కారం పెట్టుకోవడం బాగుండదు కాబట్టి ఆ కాగితం జేబులో పెట్టేస్తున్నాను. విశ్వేశ్వరయ్య గారి గురించి నా ముందు మాట్లాడిన ముగ్గురూ చెప్పేశారు. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచేశాక నిజాం ప్రభుత్వం ఆయన్ని పిలిపించుకోవడం, జంట జలాశయాలు, అన్నీ అయిపోయాయి. మీరు మళ్ళీ వినక్కర్లేదు.

నాకిచ్చిన అంశం 'ఆధునిక చర్చి నిర్మాణంలో ఇటుక'. ఇరవై నిమిషాలు. ఇంజినీర్ల సభలో చర్చిల గోలేమిటని కొందరు ఇప్పటికే ఫోన్లు తీశారు. తీయండి, తీసి 'అట్లాంటిదా చర్చి' అని కొట్టి బొమ్మ చూడండి. నా దగ్గర స్లైడ్లు లేవు, మీకే పని చెబుతున్నాను. దక్షిణ అమెరికాలో ఉరుగ్వే అని చిన్న దేశం ఉంది. దాని రాజధాని మాంటెవిడియోకి దాదాపు 45 కిలోమీటర్ల దూరంలో, సముద్రం ఒడ్డు నుంచి కాస్త లోపలికి, రైల్వే స్టేషను చుట్టూ పెరిగిన కూలీనాలీ జనం ఊరు. అక్కడి విచారణ గుడి, అంటే ఆ ఊరి కాథలిక్కుల చర్చి అది. దాన్ని కట్టిన మనిషి ఎలాదియో దియెస్తె. ఆర్కిటెక్టు కాదండీ, సివిల్ ఇంజినీరు. మనలాగే లెక్కలు చేసుకుని బతికిన మనిషి. 2021లో యునెస్కో ఆ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు పెట్టిన పేరు చూడండి, 'ఇంజినీరు ఎలాదియో దియెస్తె పని: అట్లాంటిదా చర్చి'. పేరులోనే ఇంజినీరు అని రాశారు. ఈ రోజు మాట్లాడటానికి ఇంతకంటే మంచి గుడి ఎక్కడ దొరుకుతుంది చెప్పండి.

దియెస్తె 1917లో పుట్టాడు. 1943లో ఇంజినీరింగ్ పాసయ్యాడు. ఆయన ఎక్కువగా కట్టినవి గోదాములు, ఫ్యాక్టరీ షెడ్లు, బస్ స్టాండ్లు. గుడి కట్టడం ఇదే మొదలు. 1958లో పని మొదలై 1960లో పూర్తయింది. ఉరుగ్వేలో ఉక్కు బయటి నుంచి రావాలి, ఖరీదు. మట్టి దండిగా ఉంది, ఇటుక పని తెలిసిన మేస్త్రీలు ఉన్నారు. ఉన్నదాంతోనే కడదామనుకున్నాడు.

ఇప్పుడు గోడ దగ్గరికి వద్దాం. గుడి సుమారు 30 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు. మన దగ్గర ఓ మోస్తరు కళ్యాణమండపం అంత. గోడలు 7 మీటర్ల ఎత్తు. మందం 30 సెంటీమీటర్లు. డిప్లొమా పిల్లలు చాలామంది వచ్చారు, మిమ్మల్నే అడుగుతున్నాను. 30 మీటర్ల పొడవు గోడ, 7 మీటర్ల ఎత్తు, మందం అడుగు, మధ్యలో ఒక్క కాలమ్ లేదు, ఒక్క అడ్డగోడ లేదు, పైన కప్పు బరువు. నిలబడుతుందా?

(పిల్లలు: నిలబడదు సార్.)

కరెక్ట్. తిన్నగా కడితే నిలబడదు. అందుకే ఆయన తిన్నగా కట్టలేదు. నేల దగ్గర గోడ గీత గీసినట్టు తిన్నగానే మొదలవుతుంది. పైకి వెళ్ళేకొద్దీ ఒక చోట బయటికి, ఒక చోట లోపలికి వాలుతుంది. కప్పు దగ్గరికి వచ్చేసరికి గోడ అంచు మొత్తం కెరటంలా ఉంటుంది. మీరు షెడ్డు మీద వేసే రేకునే చూడండి. అదే రేకుని చదునుగా సాగదీసి వేస్తే మధ్యలో కుంగుతుంది, వంపులు ఉండబట్టే మనిషి ఎక్కినా మోస్తుంది. సరుకు అంతే, మందం అంతే, ఆకారం మారింది. దియెస్తె జీవితాంతం చేసిన పని ఇదొక్కటే. బరువు మోయాలంటే ఇంకాస్త సిమెంటు, ఇంకాస్త స్టీలు వేసెయ్యడం మనకి అలవాటు. ఆయన ముందు ఆకారం మార్చి చూసేవాడు.

ఇంతవరకూ ఇంజినీర్లకి. ఈ ఏడాది మన సంఘం వాళ్ళు మొదటిసారి తాపీ మేస్త్రీలని కూడా పిలిచారు, అది నిజంగా మెచ్చుకోవాల్సిన పని. అయితే వాళ్ళందరూ గోడ పక్కన నిలబడే ఉన్నారు. ముందు వరసలో ఆ ఆరు కుర్చీలూ ఎవరి కోసమండీ? ముఖ్య అతిథి గారు ఇక రారు, ఫోన్ చేసి చెప్పారట. మేస్త్రీ గారూ, మీరు, మీ పక్కాయన, అందరూ వచ్చి ఇక్కడ కూర్చోండి. పర్లేదు రండి. ఇప్పుడు చెప్పబోయేది మీకే ఎక్కువ తెలుసు.

ఆ కెరటం గోడ కట్టడానికి ఏ దేశం నుంచి మిషన్లు తెప్పించారనుకుంటున్నారు? ఏమీ తెప్పించలేదు. నేల మీద తిన్నటి గీత. పైన, 7 మీటర్ల ఎత్తున, కెరటంలా కోసిన చెక్క మూస. కింది గీతకీ పై మూసకీ మధ్య తీగలు బిగించి కట్టారు. ప్రతి తీగా తిన్ననిదే. ఒకటి కాస్త బయటికి వాలి ఉంటుంది, దాని పక్కది ఇంకాస్త వాలి ఉంటుంది, కొంత దూరం పోయాక లోపలికి తిరుగుతాయి. మేస్త్రీ ఆ తీగలకి సరిపెట్టుకుంటూ వరస మీద వరస పేర్చుకుంటూ పోయాడు. తిన్నటి తీగల మీద వంపు గోడ తయారైంది. కాలేజీలో దీన్ని రూల్డ్ సర్ఫేస్ అని రెండు మార్కుల ప్రశ్నకి రాస్తాం. అక్కడ మేస్త్రీలు ఆ మాట వినకుండానే కట్టి చూపించారు.

ఇక్కడ మా నాన్న గురించి చెప్పాలి. చెప్పకుండా నేను ముందుకి పోలేను, క్షమించండి.

మా నాన్న తాపీ మేస్త్రీ. నేను ఇంజినీరింగ్‌లో చేరకముందే నాకు ఇటుక తెలుసు. రెండు ఇటుకలు తీసుకుని ఒకదానికొకటి కొట్టేవాడు, ఖంగుమంటే పక్కన పెట్టేవాడు, మొద్దుగా మోగితే విసిరేసేవాడు. ఇటుకని నీళ్ళ తొట్టిలో ముంచితే బుడబుడమని బుడగలు వస్తాయి. ఆ బుడగలు ఆగేదాకా తీయనిచ్చేవాడు కాదు. సెలవుల్లో ఆ తొట్టి దగ్గర కాపలా నా డ్యూటీ. ఒకటి తొందరపడి ముందే తీసి అందిస్తే, చేతిలో పట్టుకోగానే బరువు తెలిసిపోయేది ఆయనకి. మాట్లాడకుండా మళ్ళీ తొట్టిలో వేసేవాడు. ఎండిన ఇటుక మాలులోని, అంటే ఇటుకల మధ్య వేసే ముద్దలోని నీళ్ళు తాగేస్తుంది, మాలు బలం పుంజుకోదు. ఇది నాకు పుస్తకంలో కనపడింది ఎన్నో ఏళ్ళ తర్వాత. గోడ నిలువు చూసే వడంబం వేలాడదీసి, అది ఊగడం ఆగేవరకూ ఊపిరి కూడా మెల్లగా తీసేవాడు.

మా ఊరి విచారణ గుడి ఆయనా, ఆయన జట్టూ కట్టినదే. సున్నం మాలుతో కట్టిన ఇటుక గోడలు. గోడలు లేచాక ఫాదర్ గారి దగ్గర డబ్బులు అయిపోయాయి. పూతకి డబ్బుల్లేవు. అప్పుడు మా నాన్న, 'పూత అక్కర్లేదండీ, సందులు మేమే చక్కగా తీరుస్తాం' అన్నాడట. ప్రతి సందూ చిన్న కర్రపుల్లతో గీరి, సున్నం మాలు నింపి, నునుపుగా తీర్చారు. ఆ గోడ మీద సాయంత్రం ఎండ పడితే ఒక్కో ఇటుక ఒక్కో రంగులో కనపడేది. బట్టీలో ఎక్కువ కాలినవి ముదురు, తక్కువ కాలినవి లేత. పండగలకి పెయింటు వేయాల్సిన పని ఎప్పుడూ రాలేదు.

తర్వాత అభివృద్ధి కమిటీ వచ్చింది.

మీరు నవ్వుతున్నారంటే మీ ఊళ్ళో కూడా వచ్చిందన్నమాట. గుడి పేదగా కనపడుతోందన్నారు. పక్క ఊరి గుడికి ముందు వైపు టైల్స్ వేశారు, మనది ఇంకా ఇటుకల్లోనే ఉందన్నారు. చందాలు వసూలయ్యాయి. నేను అప్పటికి ఉద్యోగంలో వేరే ఊళ్ళో ఉన్నాను. సెలవు పెట్టుకుని వచ్చేసరికి పరంజా కట్టేశారు. ప్లాస్టరింగ్ పట్టు ఉండాలి కదా, అందుకని గోడంతా గాట్లు కొడుతున్నారు. మా నాన్న తీర్చిన సందుల మీద, ఆయన ఏరిన ఇటుకల మీద, సుత్తీ ఉలీ పట్టుకుని టక్ టక్ టక్. కొడుతున్న కుర్రాడి తప్పేముంది, చదరపు అడుగుకి ఇంత అని మాట్లాడుకున్నాడు. ఆ పైన సిమెంటు పూత, దాని పైన పుట్టీ, దాని పైన గులాబి రంగు. ముందు వైపు మెరిసే టైల్స్. గుమ్మం పక్కన నల్లరాతి ఫలకం, దాని మీద చందాలిచ్చినవాళ్ళ పేర్లు, కమిటీ పేర్లు. గోడ కట్టినవాళ్ళ పేరు ఒక్కటీ లేదు.

నాకు బాధ ఉంది, దాచుకోను. అయితే ఇంజినీరుగా కూడా ఒక మాట చెప్పాలి. సున్నం మాలుతో కట్టిన పాత గోడ ఊపిరి తీసుకునే గోడ. నేల నుంచి, వాన నుంచి చెమ్మ ఎంతో కొంత లోపలికి పోతూనే ఉంటుంది, మళ్ళీ సందుల్లోంచి బయటికి ఆరిపోతూ ఉంటుంది. దాని మీద గట్టి సిమెంటు పూత పూసి, టైల్స్ అంటిస్తే ఆ చెమ్మ బయటికి ఎటు పోతుంది? లోపలే ఉండిపోతుంది. ఉప్పు పొంగుతుంది. పూత ఉబ్బుతుంది, పెచ్చులు ఊడుతుంది. మా గుడికి అదే జరిగింది. ఎక్కువ కాలం కూడా పట్టలేదు. బలిపీఠం వెనక గోడ మీద గులాబి రంగు పొరలు పొరలుగా లేచిపోయింది. అప్పుడు నన్ను పిలిచారు, ఇంజినీరువి కదా సలహా చెప్పమని. పూతంతా తీసెయ్యండన్నాను. దాతల మనసు నొచ్చుకుంటుందన్నారు. మళ్ళీ పుట్టీ, మళ్ళీ పెయింటు. ఏటేటా అదే తంతు. ఖర్చు లెక్క ఒకసారి వేసి చూపించాను. కాగితం తీసుకున్నారు, టీ ఇచ్చారు, పంపించేశారు.

సరే. ఎక్కడున్నాం? గోడ. లేదు, కప్పు చెప్పలేదు ఇంకా.

అట్లాంటిదా కప్పు కూడా ఇటుకే. గోడలు కెరటం, కప్పూ కెరటం. గొలుసుని రెండు చివర్లా పట్టుకుని వదిలితే దానంతట అది ఒక వంపు తీసుకుంటుంది కదా, దాన్ని తలకిందులు చేస్తే వచ్చే ఆకారంలో ఇటుక కప్పు వేస్తే దాని సొంత బరువంతా నొక్కుడుగానే దిగుతుంది. నొక్కుడికి ఇటుక రాజు. కప్పు గోడల్ని అటూ ఇటూ తన్నెయ్యకుండా టై రాడ్లు, అంటే లాగి పట్టే ఉక్కు కడ్డీలు పెట్టి, వాటిని కప్పు పల్లాల్లో కలిపేశాడు. లోపల నిలబడి తల ఎత్తితే ఒక్క రాడ్ కూడా గుడి మధ్యలో వేలాడుతూ కనపడదు. గోదాములకి ఆయన వాడిన పద్ధతి ఇంకా బాగుంటుంది. మొత్తం కప్పుకి సెంట్రింగ్ కొట్టడు. ఒక్క ముక్కకే మూస చేయించి, దాన్ని పట్టాల మీద పెట్టి, పైన ఇటుకలు పేర్చి, సందుల్లో సన్న చువ్వలు వేసి మాలు పోసేవాడు. గట్టిపడగానే మూసని కిందికి దించి, ముందుకి తోసి, తర్వాతి ముక్క. ఇటుక ముందే బట్టీలో కాలి వచ్చింది కాబట్టి గట్టిపడాల్సింది సందులే, మూస తొందరగా దించొచ్చు. కాంక్రీటు స్లాబు కింద మూడు వారాలు జాకీలు నిలబెట్టే కాంట్రాక్టర్లు ఈ మాట రాసుకోండి.

గుడిగా కూడా దాన్ని చూడాలి. గంట గోపురం గుండ్రంగా, ఇటుకల మధ్య ఖాళీలతో జల్లెడ కట్టు. మెట్లు గోడలోంచే బయటికి పొడుచుకొచ్చి మెలికలు తిరుగుతూ పైకి పోతాయి. జ్ఞానస్నానం ఇచ్చే గది భూమి లోపల ఉంది. మెట్లు దిగి చీకట్లోకి వెళ్ళాలి, స్నానం అయ్యాక కింది దారిలోంచి గుడి వెలుతురులోకి రావాలి. గోడల్లో అక్కడక్కడ చిన్న చిన్న కన్నాలకి రంగు గాజులు. లోపల స్తంభాల్లేవు, జనానికీ బలిపీఠానికీ మధ్య అడ్డం ఏమీ లేదు. అప్పట్లో చాలా గుళ్ళల్లో ఫాదర్ గారు జనానికి వీపు పెట్టి, లాటిన్లో పూజ చేసేవారు. దాన్ని మార్చిన కాథలిక్ పెద్దల సభ, రెండో వాటికన్ మహాసభ, 1962లో మొదలైంది. ఈ గుడి 1960కే పూర్తయింది. జనాన్ని బలిపీఠం దగ్గరికి తేవాలన్న సంగతి ఒక ఊరి గుడి గోడలకి సభ కంటే ముందే తెలిసినట్టుంది.

ఆ గుడి మనకి అందని అద్భుతం అని మీరు అనుకోకూడదు. గోదాము కట్టే ఇంజినీరు గోదాము సరుకుతోనే కట్టాడు. తర్వాత ఇదే పద్ధతిని స్పెయిన్లో అల్కలా దె ఎనారెస్ దగ్గర కొత్త గుళ్ళకి కూడా వాడారు.

ఇంకో ముసలాయన గురించి చెప్పి ఆపేస్తాను. అధ్యక్షులు గారు వాచీ చూస్తున్నారు, నేనూ చూస్తున్నాను. స్వీడన్ ఆర్కిటెక్టు సిగుర్డ్ లెవెరెంట్జ్. 1885లో పుట్టాడు. దక్షిణ స్వీడన్లో క్లిప్పాన్ అనే చిన్న ఊళ్ళో సెయింట్ పీటర్స్ చర్చి కట్టేనాటికి, అంటే 1963 నుంచి 66 దాకా, ఆయనకి ఎనభై ఏళ్ళు. ఆయన పెట్టిన షరతు వినండి, మేస్త్రీ గారూ, ఇది మీ కోసమే. ఒక్క ఇటుక కూడా కొట్టకూడదు. సగం ముక్క లేదు, పావు ముక్క లేదు. మూల వచ్చినా, వంపు వచ్చినా, కిటికీ వచ్చినా సరే, బట్టీ నుంచి వచ్చిన ఇటుక వచ్చినట్టే గోడలోకి పోవాలి.

ఏమండీ, సాధ్యమా?

(ముందు వరస నుంచి ఒక మేస్త్రీ: సందు పెంచుకోవాలండి.)

చూశారా! అక్కడ ఎనభై ఏళ్ళ ఆర్కిటెక్టు చేసింది అదే. సందులు వెడల్పు చేశాడు. కొన్ని చోట్ల మాలు ఇటుకతో పోటీ పడేంత వెడల్పు. గోడలూ ఇటుకే, నేలా ఇటుకే, కప్పు వంపులూ ఇటుకే. కిటికీలకి చట్రాల్లేవు. గోడలో ఖాళీ వదిలి, గాజు పలకని బయటి వైపు నుంచి ఆనించి బిగించేశాడు. లోపలి నుంచి చూస్తే గోడకి కన్నం ఉంది, ఆకాశం ఉంది, అంతే. జ్ఞానస్నానానికి పెద్ద సముద్రపు గవ్వ చిప్ప పెట్టాడు. దాంట్లోంచి నీటి చుక్క నేల ఇటుకల మధ్య వదిలిన సందులోకి పడుతూ ఉంటుంది. ఆ చుక్క చప్పుడు గుడంతా వినపడుతుంది. ఇవన్నీ కాగితం మీద గీసి ఇంటికి పోయే పనులు కావు. ఆయన సైటుకి వచ్చి మేస్త్రీల పక్కన నిలబడి చేయించిన పనులు.

డెన్మార్కులో, కోపెన్‌హాగెన్‌లో గ్రుంట్విగ్ చర్చి ఉంది, పసుపు ఇటుకలు లక్షల కొద్దీ పేర్చి కట్టింది. 1921లో తండ్రి మొదలుపెట్టి, 1930లో పోతే, కొడుకు 1940లో పూర్తి చేశాడు. దాని మీద ఓ గంట మాట్లాడొచ్చు, ఈ రోజు వదిలేస్తున్నాను.

మన దేశం గురించి అడుగుతారేమో. ఆర్కిటెక్టు లారీ బేకర్ గారి పేరు మీలో సగం మందికి తెలుసు. దియెస్తె పుట్టిన 1917లోనే ఇంగ్లండ్‌లో పుట్టి, ఇక్కడికొచ్చి మనవాడైపోయాడు. తిరువనంతపురంలో లొయోలా చాపెల్ చూడండి, ఇటుక జాలీల గోడ, గాలీ వెలుతురూ దాంట్లోంచే. ఇటుకని నిలువుగా నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలే ర్యాట్ ట్రాప్ బాండుని మన దేశంలో ఊరూరా తెలిసేలా చేసింది ఆయనే. మామూలు గోడతో పోలిస్తే దాదాపు నాలుగో వంతు ఇటుక మిగులుతుంది. లోపలి ఖాళీ వల్ల ఎండ వేడి కూడా తగ్గుతుంది. మన ఎండల్లో ఇంతకంటే ఏం కావాలి? అయినా మన ఊళ్ళల్లో ఓనరు గారు అడిగేది ఒక్కటే, 'ఎలివేషన్ ఎలా వస్తుంది సార్?'

మీ అనుమానం నాకు తెలుసు. మా ఇటుక అంత మంచిది కాదు సార్, మా వానలకి పాచి పడుతుంది సార్, సముద్రం పక్కన ఉప్పుగాలి సార్. ఒప్పుకుంటాను. పూత లేని గోడ కట్టాలంటే ఖంగుమనే ఇటుక కావాలి. చూరు బాగా బయటికి దించాలి, వాన గోడ మీద నేరుగా కొట్టకుండా. సందులు లోతుగా నింపి నొక్కాలి. నేల నుంచి చెమ్మ ఎక్కకుండా డీపీసీ, అంటే పునాది మీద చెమ్మని ఆపే పొర సరిగ్గా పడాలి. అన్నిటికంటే ముందు, మేస్త్రీ చెయ్యి బాగుండాలి. అసలు గుట్టు అక్కడే ఉంది. ఎలాగూ పైన పూత వస్తుందంటే వంకర గోడ కూడా పాసైపోతుంది. బొక్కలు, సగం ముక్కలు, ఖాళీ సందులు అన్నీ పూత కిందికి పోతాయి. ఇంజినీరు సంతకం పెడతాడు, బిల్లు అయిపోతుంది. పూత లేకపోతే ప్రతి ఇటుకా కనపడుతుంది. మంచి పనివాడికి మంచి కూలి ఇవ్వాల్సి వస్తుంది. కమిటీలకి పూత అంత ముద్దెందుకో ఇప్పుడు అర్థమైందా?

నేను ఇంకో రెండు గుళ్ళ గురించి రాసుకొచ్చాను, కాగితాలు ఇక్కడే ఉన్నాయి, కావలసినవాళ్ళు ఫోటో తీసుకోండి. ఇక అడగాల్సింది ఒక్కటే మిగిలింది. మన సంఘం సొంత భవనం ప్లాను గోడకి అంటించారు, వస్తూ చూశాను. ముందు వైపంతా గాజు, ఏసీపీ అనే అల్యూమినియం పలకలు. పెట్టుకోండి, నేను అడ్డుపడను. కానీ ఆ మెట్ల గది గోడ ఒక్కటి ఇటుకల్లో వదిలేయండి. పూత వద్దు, పుట్టీ వద్దు. ఇక్కడ ముందు వరసలో కూర్చున్న వీళ్ళలో ఎవరు కడతారో వాళ్ళ పేర్లు, జట్టులో మాలు అందించినవాళ్ళ పేర్లతో సహా, ఆ గోడలోనే ఒక ఇటుక మీద చెక్కించండి. ఖర్చు నేను ఇస్తాను. ఇది తీర్మానంగా ఇప్పుడే ఈ సభలోనే పెట్టమని అధ్యక్షుల వారిని కోరుతున్నాను. ట్రెజరర్ గారు తల ఊపుతున్నారు కానీ, అవునంటున్నారో కాదంటున్నారో ఇక్కణ్ణించి తెలియడం లేదు. చేతులెత్తండి, లెక్కపెడదాం. టీ ఆ తర్వాత.